పాత హాలీవుడ్ ప్రేమ కామెడీలు: 'ఆ కాలం అంతే' అని వదిలేయాలా?

కాకినాడ కాజా:
మొన్న శనివారం రాత్రి, నాకు బాగా ఇష్టమైన సినిమా చూపిస్తానని మా ఆవిడని కూర్చోబెట్టి 'బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్' పెట్టాను. ఆడ్రే హెప్‌బర్న్ కిటికీలో కూర్చుని గిటారు వాయించే సీన్ దాకా కూడా వెళ్లలేదు, పై పోర్షన్‌లో ఉండే జపాన్ ఆయన యూనియోషి వచ్చేశాడు. ఆ వేషం వేసింది మిక్కీ రూనీ, తెల్లాయన. ఎత్తుపళ్లు పెట్టుకుని, వేలాడే దీపానికి తల కొట్టుకుంటూ ఒకటే అరుపులు. 'దీనికా నువ్వు నవ్వింది?' అంది. నవ్వాను మరి, కాలేజీ రోజుల్లో. 1961 నాటి సినిమా, అప్పుడందరూ అలాగే తీసేవాళ్లు కదా, ఇప్పటి కళ్లతో చూసి తిట్టడం న్యాయమా?

పాతరీలు:
అందరూ అలాగే తీసేవాళ్లంటే ఒప్పుకోను. అదే 1961లో 'ఫ్లవర్ డ్రమ్ సాంగ్' వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో ప్రేమలు, పెళ్లి సంబంధాలు, పాటలు. నాన్సీ క్వాన్, జేమ్స్ షిగెటా, మియోషి ఉమెకి... దాదాపు అందరూ ఆసియా మూలాలున్న నటులే. కాబట్టి నటులు దొరక్క రూనీని పెట్టారనడానికి లేదు. ట్రూమన్ కపోటీ రాసిన కథలో యూనియోషి మామూలు ఫొటోగ్రాఫర్, ఈ వెకిలితనమంతా సినిమా వాళ్లు కలిపిందే. తీసిన బ్లేక్ ఎడ్వర్డ్స్ కూడా తర్వాత ఆ పని చేయకుండా ఉండాల్సిందన్నాడు, మనం ఇంకా వెనకేసుకు రావడం దేనికి?

బెజవాడ బుజ్జి:
ఆ 'ఫ్లవర్ డ్రమ్ సాంగ్'ని మరీ నెత్తిన పెట్టుకోకండి సార్. చైనా వాళ్లుగా వేసిన షిగెటా, ఉమెకి ఇద్దరివీ జపాన్ మూలాలు, హీరో ఇంటి పెద్దావిడ వేషం వేసిన హువానిటా హాల్ నల్లజాతి నటి. చూసేవాడికి తేడా తెలుస్తుందా ఏంటి అన్న లెక్కే అక్కడా. అసలు సంగతి వ్యాపారం. 1934 నుంచి గట్టిగా అమలైన హేస్ కోడ్, అంటే హాలీవుడ్ స్టూడియోలు తమకు తాము పెట్టుకున్న సెన్సారు రూల్స్, తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ మధ్య ప్రేమ చూపించొద్దంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల థియేటర్లలో కోసేసుకోవడానికి వీలుగా నల్లజాతి గాయని లీనా హార్న్ పాటల్ని కథకి అంటకుండా విడిగా తీసేవాళ్లు. ఒక్క డైరెక్టర్నో నటుణ్నో అని ఏం లాభం?

పాతరీలు:
బుజ్జిగారూ, ఆ షరతు 1956లోనే ఎత్తేశారు. అయినా 'గెస్ హూజ్ కమింగ్ టు డిన్నర్' రావడానికి 1967 డిసెంబర్ అయింది, అప్పటికి అమెరికా సుప్రీంకోర్టు లవింగ్ కేసులో తెల్లవాళ్లు వేరే జాతివాళ్లని చేసుకునే పెళ్లిళ్లపై నిషేధం కొట్టేసి ఆరు నెలలు. అందులోనూ తెల్లవాళ్ల ఇంటికి కాబోయే అల్లుడుగా వచ్చే నల్లజాతి నటుడు సిడ్నీ పాటియే ఏ మచ్చా లేని పెద్ద డాక్టర్, అలాంటివాడైతే గానీ ఆ ఇంట్లో అడుగు పెట్టనివ్వరు. ఆ జంటకి ఉన్నది ఒకే ముద్దు, అదీ టాక్సీ అద్దంలో కనబడుతుంది. కోడ్ పోయినా భయం పోలేదు.

నల్గొండ చిన్నోడు:
అదొక్కటే చెప్తారేంది, 1968లో వచ్చిన 'ఫర్ లవ్ ఆఫ్ ఐవీ' చూడండి. కథ పాటియేదే. పాత కామెడీల్లో నల్లజాతి ఆడమనిషంటే తలుపు తీసి, కాఫీ ఇచ్చి మాయమయ్యే పనిమనిషి. ఇందులో ఆ పనిమనిషే హీరోయిన్, అబీ లింకన్. ఆమె పని మానేస్తానంటే, వెళ్లిపోకుండా ఉండటానికి ఆ ఇంటి పిల్లలే ఆమెకొక ప్రేమికుణ్ని వెతుకుతారు. ఇది కామెడీనా కాదా అని నాకే డౌట్ వస్తుంది, కానీ ఆమె మనసులో ఏముందో అడిగిన సినిమా అది.
ఇంకో మాట. మన సినిమాల్లో మా యాసని చాలా ఏళ్లు రౌడీలకీ కమెడియన్లకీ ఇచ్చి నవ్వించారు. హాలంతా నవ్వుతుంటే పక్క సీట్లో నేనున్నా. కాజా అన్నా, అప్పుడు నవ్వినందుకు నిన్నెవరూ తిట్టట్లేదు, ఇప్పుడూ నవ్వొస్తే మాత్రం చెప్పు.

కాకినాడ కాజా:
రాలేదు తమ్ముడూ. ఆ సీన్లు ఫార్వర్డ్ చేశాను. హెప్‌బర్న్ దగ్గర ఆపాను, అది మాత్రం మానలేను.

బెజవాడ బుజ్జి:
నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా, కొంచెమే. ఆ షిగెటా గురించి వెతికితే గుర్తొచ్చింది, 'డై హార్డ్'లో సినిమా సగానికి కూడా రాకముందే చంపేసే కంపెనీ పెద్ద టకాగి ఆయనే. 1961లో పాటలు పాడుకున్న హీరో. చిన్నప్పటి నుంచి పదిసార్లు చూసుంటాను, ఆయన పేరే తెలీదు నాకు.