ఎముక కట్టమని మూలకణానికి చెప్పేదెవరు? పక్క కణాలా, చుట్టూ ఉన్న గట్టిదనమా?

కావలి బయాలజీ:
మూలుగలోని మూలకణం కొవ్వు కణంగానూ మారగలదు, ఎముక కట్టే కణంగానూ మారగలదు. ఏ దారి పట్టాలో దానికి చెప్పేది పక్కనున్న ఎముక కణాలే, అందులోనూ ముఖ్యంగా ఆస్టియోసైట్లే అని నా వాదన. ఎముక కణాల్లో నూటికి తొంభైకి పైగా ఇవే. ఎముక కట్టే ఆస్టియోబ్లాస్టుల్లో కొన్ని తాము కట్టిన దాంట్లోనే కూరుకుపోయి ఇలా తయారవుతాయి. సన్నని కాలువల గుండా చేతులు చాచి ఒకదాన్నొకటి అందుకుని ఏళ్ల తరబడి బతుకుతాయి. మనం క్లాసులో వీటికి ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తాం, అది అన్యాయం.

2004లో ఫిన్లాండ్ పరిశోధకులు ఆస్టియోసైట్లు పెరిగిన ద్రవాన్ని మాత్రమే తీసి మూలకణాలకు పోశారు. కణాలు ఒకదాన్నొకటి తాకనే లేదు. అయినా మూలకణాలు పెరిగాయి, ఎముక దారి పట్టాయి. 2012లో ఐర్లాండ్‌లో ఆస్టియోబ్లాస్టులనూ ఆస్టియోసైట్లనూ విడివిడిగానూ, కలిపీ పెట్టి చూస్తే ఆస్టియోసైట్ల ప్రభావమే ఎక్కువగా కనిపించింది. కాదనేవాళ్లు రండి.

ఒంగోలు మెటీరియల్స్:
నేను కాదంటాను మేడం. 2006లో అమెరికాలో డిషర్ బృందం ఒకే రకం మూలకణాలు, ఒకే ద్రవం తీసుకుని, కింద పరిచిన జెల్ గట్టిదనాన్ని మాత్రమే మార్చింది. మెదడంత మెత్తగా ఉన్నచోట నాడీ కణాల పోకడ, కండరమంత ఉన్నచోట కండరం పోకడ, ఇంకా గట్టిగా ఉన్నచోట ఎముక పోకడ. పక్కన ఒక్క ఆస్టియోసైటు కూడా లేదు.

ఇంకా పాతది చెబుతా. 1965లో అమెరికా వైద్యుడు యూరిస్ట్ ఎముక ముక్కలోంచి ఆమ్లంతో ఖనిజం తీసేసి, ఆ చచ్చిన ముక్కను కుందేలు కండరంలో పెట్టాడు. అక్కడ కొత్త ఎముక పుట్టింది! బతికున్న పొరుగు లేకుండానే ఎముక పుడుతుంటే పెత్తనం పొరుగుదని ఎలా అంటారు?

కావలి బయాలజీ:
యూరిస్ట్ ప్రయోగం నా వైపే వస్తుంది తమ్ముడూ. ఖనిజం పోయిన ఎముక ఎలా ఉంటుందో చూశావా? రబ్బరులా వంగుతుంది. గట్టిదనమే చెప్పేదైతే ఆ మెత్తటి ముక్క దగ్గర ఎముక పుట్టకూడదు. పుట్టించింది అందులో మిగిలిపోయిన ప్రోటీన్లు. వాటికే తర్వాత బీఎంపీలని పేరొచ్చింది. ఆ ప్రోటీన్లను అక్కడ దాచిందెవరు? ఆ ఎముకను కట్టిన కణాలు.

జెల్ ప్రయోగాన్ని నేను కొట్టిపారేయను. కానీ అది మొదలుపెట్టడం గురించే చెబుతుంది. ఆపమనేదెవరు? ఎముక గట్టిగా ఉంది కాబట్టి ఇంకా ఎముక, దాంతో ఇంకా గట్టిదనం అనుకుంటూ పోతే అంతెక్కడ? ఆపేది ఆస్టియోసైట్లు వదిలే స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్. మూలకణాన్ని ఎముక వైపు నడిపే డబ్ల్యుఎన్‌టి సంకేతానికి ఇది అడ్డుపడుతుంది. దక్షిణాఫ్రికాలో కొన్ని కుటుంబాలవాళ్లకు పుట్టుకతోనే ఈ ప్రోటీన్ తయారు కాదు. దవడ లావెక్కుతుంది, పుర్రె ఎముక పెరిగి నరాలను నొక్కి చెవుడు వస్తుంది. ఆ జన్యువును 2001లో పట్టుకున్నారు. అదే దారిలో స్క్లెరోస్టిన్‌ను అడ్డుకునే రోమోసోజుమాబ్ అనే, ఎముకలు గుల్లబారే జబ్బు మందుకు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. పక్క కణాల మాటకు విలువ లేకపోతే ఆ మాటను ఆపే మందు పనిచేస్తుందా?

పొదిలి ఫిజియో:
మీ ఇద్దరి మధ్యలో బరువును మర్చిపోతున్నారు. మనిషి నడిచినప్పుడు ఎముక కొద్దిగా వంగి, మేడం చెప్పిన ఆ సన్నని కాలువల్లో ద్రవం కదులుతుంది. ఆస్టియోసైట్ ఆ కదలికను పసిగట్టి స్క్లెరోస్టిన్ తగ్గిస్తుంది. 2007లో జపాన్‌లో ఎలుకల్లో ఆస్టియోసైట్లను చంపి, కాళ్ల మీద బరువు పడకుండా చేశారు. మామూలు ఎలుకలకు ఎముక తరిగిపోయింది, వీటికి మాత్రం అలా తరగలేదు. కబురు మోసేవే లేనప్పుడు బరువు తగ్గిందని ఎవరు చెబుతారు? కాబట్టి నేనూ పొరుగు పార్టీనే. అయితే ఆ పొరుగు నోరు విప్పాలంటే మనిషి కదలాలి. కట్టు విప్పాక కూడా మంచం దిగనివ్వని ఇళ్లను చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

కనిగిరి వాసి:
మా వైపు సంగతి కూడా తేల్చండి. నెల్లూరు జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్, అంటే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు, ఉందని 1937లోనే వైద్య పత్రికల్లో రాశారు. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కదా, అప్పటికి మా కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరులోనే ఉండేవి. మా పెదనాన్న ఎక్స్‌రే నా దగ్గరుంది. ముంజేతిలో రెండు ఎముకల్నీ కలిపే పలుచటి పొర కూడా ముళ్లు ముళ్లుగా ఎముకైపోయింది. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. పొర మెత్తటిది, అక్కడ ఎముక కట్టమని ఏ పొరుగు చెప్పింది?

కావలి బయాలజీ:
అన్నా, అక్కడ పొరుగు చెప్పిందని నేను అనను. ఫ్లోరైడ్ ఎముక కట్టే కణాలను రెచ్చగొడుతుంది, ఖనిజంలో కూడా చేరిపోతుంది. 1990లో అమెరికాలో మెనోపాజ్ దాటిన ఆడవాళ్లకు ఎముక గట్టిపడుతుందని రోజూ ఫ్లోరైడ్ ఇచ్చి చూశారు. వెన్నులో ఎముక సాంద్రత బాగా పెరిగింది, కానీ వెన్ను కాకుండా మిగతా చోట్ల విరగడం ఎక్కువైంది. ఎముక పెరగడం వేరు, అవసరమైన చోట అవసరమైనంత పెరగడం వేరు. నేను పోట్లాడేది ఆ రెండోదాని కోసమే. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దనేది మాత్రం ఏ వాదనా లేని మాట.

దర్శి మాస్టారు:
మా అత్తమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. ఒకచోట స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్ వేస్తే కొత్తగా మొలుస్తుందని పెద్ద మొత్తం అడుగుతున్నారు. మీ చర్చ ప్రకారం వేయించాలా?

పొదిలి ఫిజియో:
ఆగండి మాస్టారూ. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకు చేసే మూలుగ మార్పిడి లాంటివి, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందినవి తప్ప మిగతా స్టెమ్ సెల్ వైద్యం నమోదైన ట్రయల్‌లోనే, అంటే పనిచేస్తుందో లేదో పరీక్షించే పరిశోధనలోనే జరగాలి. ట్రయల్ అయితే డబ్బు అడగరు. ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరో, ఆ అనుమతి పత్రమో అడగండి, చూపించకపోతే లేచి వచ్చేయండి.

ఒంగోలు మెటీరియల్స్:
ఇక్కడ మాత్రం ఫిజియో గారితో ఏకీభవిస్తా. మేడం, బీఎంపీల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నా. జెల్ విషయంలో ఒప్పుకోను. వయసు మళ్లిన ఎముకలో చాలా ఆస్టియోసైట్లు చచ్చిపోయి వాటి గూళ్లు ఖాళీగా ఉంటాయి. అయినా డెబ్బై ఏళ్లవాళ్లకు కూడా ఎముక అతుకుతోంది. అక్కడ చెబుతున్నదెవరు?