బోరు నీళ్ల తొట్టిలో ఎర్ర మొక్కలు పచ్చబడుతున్నాయి, ఇంకా పెద్ద లైటు కొనాలా?

నీటితోట, కరీంనగర్:
అందరికీ నమస్కారం. నా చేపల తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు. ఇసుక పోగా 55 లీటర్లు పడుతుంది. జూన్‌లో మూడు రకాలు నాటాను: రోటాలా రొటండిఫోలియా, లుడ్విజియా రెపెన్స్, దుకాణంవారు పేరు చెప్పలేకపోయిన ఒక ఊదారంగు మొక్క. కొన్న రోజు రోటాలా కొసలు లేత గులాబీ రంగులో ఉన్నాయి. ఇప్పుడు మామూలు ఆకుపచ్చ. లుడ్విజియా పైకి సాగింది కానీ కింది సగం బోడిగా ఉంది. ఊదా మొక్క మూడు వారాలు కళకళలాడి, ఇప్పుడు కాడ మెత్తబడి కరిగిపోతోంది.

లైటు రోజుకు పది గంటలు వేస్తున్నాను. ఇనుము మందు సీసా మీద రాసినదానికి రెట్టింపు పోస్తున్నాను. అద్దాల మీద దారాల్లాంటి నాచు పట్టింది. బోరు నీళ్లను పరీక్ష కిట్‌తో చూస్తే కేహెచ్ (నీటిలోని కార్బొనేట్ లవణాల కొలత) 14 చుక్కలకు రంగు మారింది, అంటే కేహెచ్ 14. వేడి 31 డిగ్రీలు. చేపలు పన్నెండు రాస్బోరాలు.

తెల్లవారుజామున అందరికన్నా ముందు లేచి ఈ తొట్టి ముందు కూర్చుంటాను. ఆ ఎరుపు వదులుకోవాలని లేదు. ఏం చేయాలో చెప్పండి.

కణుపు, హైదరాబాద్:
లైటు కొనకండి. ఉన్నదాన్నే ఆరున్నర గంటలకు తగ్గించి టైమరు పెట్టండి. వెలుగు ఎక్కువై, మొక్కకు మిగతా ఆహారం అందకపోతే ఆ వెలుగును వాడుకునేది నాచే.

ముందు ఊదా మొక్క సంగతి. ఆకులు ఎదురెదురుగా ఉండి, కణుపుల దగ్గర తెల్లని చిన్న పూగుత్తులు వస్తే అది మన పొన్నగంటి కూరలో ఎర్ర రకం. చెరువు గట్టున, తడి నేలలో బతికే మొక్క. పూర్తిగా ముంచితే కొన్ని వారాలు నిల్వ శక్తితో నెట్టుకొచ్చి కుళ్లిపోతుంది. దీన్ని నీటిమొక్క అని అమ్మడం నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎంతోమంది తమ చేతిలోనే లోపం ఉందనుకుని తొట్టి మానేస్తారు. మిగిలిన కొమ్మలు కుండీలో గుచ్చండి, వారంలో చిగురిస్తుంది. తొట్టిలో ఆ రంగే కావాలంటే దాని దక్షిణ అమెరికా బంధువు ఆల్టర్నాంథెరా రైనెకీని పేరు పెట్టి అడగండి.

రోటాలా, లుడ్విజియాలకు మీ తొట్టిలో అసలు కరువు కార్బన్ డయాక్సైడ్. నేను మొదటి రెండేళ్లు నిమ్మ ఉప్పు, వంట సోడా సీసాలతోనే ఆ గ్యాస్ తయారుచేసుకుని నడిపాను. లైటు వెలగడానికి గంట ముందు వదలాలి, ఆరడానికి గంట ముందు కట్టేయాలి. తొట్టిలో డ్రాప్ చెకర్ (ఆ గ్యాస్ ఎంత ఉందో రంగుతో చూపే చిన్న బుడ్డి) వేలాడదీయండి. నీలం అంటే చాలదు, ఆకుపచ్చ అంటే 30 పీపీఎం (లీటరుకు 30 మిల్లీగ్రాములు) దగ్గర ఉంది, పసుపు అంటే మితిమీరింది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే మాత్రం ఆ రంగు చూస్తూ కూర్చోకండి, వెంటనే గ్యాస్ ఆపి గాలి పంపు వేయండి.

ఇనుము రెట్టింపు వద్దు. ఈడీటీఏ అనే రసాయనంతో కట్టిన ఇనుము మీలాంటి క్షార గుణపు నీళ్లలో ఎక్కువసేపు నిలవదు, మొక్కకు అందకుండా పోతుంది. డీటీపీఏ అనే మరో రసాయనంతో కట్టినది తీసుకుని, కొలత ప్రకారం పోయండి. ఉత్త ఇసుక కాబట్టి వేళ్ల దగ్గర ఎరువు మాత్రలు కూడా గుచ్చాలి.

చెరువుగట్టు, విశాఖపట్నం:
కణుపు గారు చెప్పినదానికి నీటి సంగతి కలుపుతాను. వారానికి 25 లీటర్లు మార్చండి: సగం ఆర్‌వో నీళ్లు, సగం బోరు నీళ్లు. రెండు నెలల్లో కేహెచ్ 7 దాకా దిగుతుంది, ఈ రెండు మొక్కలకూ అది హాయి. తగ్గిన మట్టాన్ని మాత్రం ఎప్పుడూ ఆర్‌వో నీళ్లతోనే నింపండి. ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. రోజూ బోరు నీళ్లు పోస్తూ ఏడాదిలో కేహెచ్ 22కు చేర్చినవాడిని నేను. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది, కానీ ఆవిరీ పెరుగుతుంది, అందుకే ఇంతగా చెబుతున్నాను.

నైట్రేటు (మొక్కకు అందే నత్రజని ఆహారం) తగ్గిస్తే రోటాలా ఇంకా ఎర్రబడుతుందని కొందరంటారు, అది నిజమే. నేను చూశాను. అయితే అదే తొట్టిలో లుడ్విజియా, రైనెకీ ఉంటే అవి ఆకలితో చిన్నబోతాయి. కలిపి పెంచేటప్పుడు ఆ దారి వద్దు.

నీటితోట, కరీంనగర్:
ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. కణుపు గారూ, అది పొన్నగంటే! కుండీలో గుబురుగా వచ్చింది. డ్రాప్ చెకర్ ఆకుపచ్చలో నిలిచింది, కేహెచ్ 7 ఉంది. నాచు చాలావరకు పోయింది. రోటాలా కొత్త ఆకులు నారింజ కలిసిన గులాబీ రంగులో వస్తున్నాయి, లుడ్విజియా ఆకు వెనక రాగి రంగు తిరిగింది. పాత ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే, నాచు మరకలతో ఉన్నాయి. కింది బోడి కాడలను ఏం చేయాలి?

కణుపు, హైదరాబాద్:
చాలా సంతోషమండీ. పాత ఆకు మళ్లీ రంగు తిరగదు, దాని కోసం ఎదురుచూడకండి. పై నాలుగు అంగుళాలు పదునైన కత్తెరతో కణుపు కిందుగా కత్తిరించండి. కింది రెండు కణుపుల ఆకులు తీసి, ఒక్కొక్క కాడను విడిగా, అంగుళం ఎడంతో పట్టకారుతో నాటండి. కట్టగట్టి నాటితే నడిమివాటికి వెలుగు అందక మళ్లీ బోడివవుతాయి. పాత మొదళ్లను పీకేయండి. కొత్త తలలు రెండు వారాలకు వేళ్లూనుకుంటాయి, అప్పటిదాకా చేపలకు మేత కాస్త తగ్గించి వేయండి.