పాత మెయిల్ డైనింగ్ కారుకు వెస్టిబ్యూల్ పెట్టాలా, వద్దా?

గుత్తికోట:
ఓపెన్ రెయిల్స్ అనే రైలు సిమ్యులేటర్ ఆట కోసం 1930ల నాటి మద్రాసు–బొంబాయి మెయిల్ రూపొందిస్తున్నానని ఇదివరకే చెప్పాను. గుంతకల్లు, గుత్తి, కడప మీదుగా నడిచే బండి కాబట్టి మన ఊళ్ల వారికి నచ్చుతుందని ఆశ. ఆరు నెలలుగా బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో కూర్చుని డైనింగ్ కారు లోపలి భాగం పూర్తి చేశాను. టేకు చెక్క గోడలు, ఇత్తడి దీపాలు, 32 కుర్చీలు, తెల్లని మేజాగుడ్డలు. ఒక్కో కుర్చీ 4 వేల పాలిగాన్లు (బొమ్మను కూర్చే చిన్న చిన్న పలకలు) తింటోంది, అయినా తగ్గించబుద్ధి కావడం లేదు. పక్క పెట్టెలోకి నడిచి వెళ్లేందుకు రెండు కొసలా వెస్టిబ్యూల్ పెట్టాను. బొమ్మలు జత చేశాను, చూసి చెప్పండి.

కడప ప్యాసింజర్:
అద్భుతం. ఇంజిన్ ఏది తగిలిస్తున్నారు?

నందలూరు షెడ్డు:
కుర్చీలు బాగున్నాయి. వెస్టిబ్యూల్ తప్పు. ఆ రోజుల్లో మన మెయిళ్లలో ఒక పెట్టెలోంచి మరో పెట్టెలోకి నడిచే దారి ఉండేది కాదు. భోజనం చేయాలనుకున్న దొరగారు ఒక స్టేషన్‌లో తన పెట్టె దిగి, ప్లాట్‌ఫారం మీద నడిచి, డైనింగ్ కారు ఎక్కేవారు. తినడం ముగిసినా తరువాతి స్టేషన్ దాకా అక్కడే కూర్చోవాలి. బండి ఎక్కడ ఎంతసేపు ఆగాలన్న లెక్కలో ఈ దిగడం, ఎక్కడం కూడా ఉండేవి. మీరు ఆ తలుపు పెడితే గుంతకల్లులో బండి అంతసేపు ఎందుకు ఆగుతుందో ఆటగాడికి అర్థం కాదు.

గుత్తికోట:
అన్నగారూ, దక్కన్ క్వీన్ 1930 జూన్ 1న మొదలైంది. దానికి డైనింగ్ కారు ఉంది, ఈనాటికీ ఉంది. 32 కుర్చీల లెక్క కూడా దాని పాత డైనింగ్ కారు నుంచే తీసుకున్నాను. అంత మంచి నమూనా కళ్లెదుట ఉండగా వాడుకుంటే తప్పేమిటి?

నందలూరు షెడ్డు:
తప్పు అక్కడే ఉంది. దక్కన్ క్వీన్ బొంబాయి–పూనా మధ్య 192 కిలోమీటర్ల బండి. 1500 వోల్టుల డీసీ కరెంటు మీద నడిచింది. జీఐపీఆర్, అంటే గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే వారి ముద్దుబిడ్డ. మనది రాయచూరు ఇవతల మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ, బొగ్గు, ఎర్రటి ఎండ. పూనా అల్లుడి పంచె తెచ్చి గుంతకల్లు మామకు కట్టినట్లుంది. పనిలో పని, మీ పట్టాల మధ్య వెడల్పు ఇంకా 1435 మిల్లీమీటర్ల దగ్గరే ఉంది. మన బ్రాడ్‌గేజ్ 1676. 241 మిల్లీమీటర్లు మింగేసి చరిత్ర అంటున్నారు.

బళ్లారి బండి:
మెయిల్ సంగతి వదిలేయండి, గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టారా లేదా?

కడప ప్యాసింజర్:
ఇంజిన్ అడిగాను. డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజిన్ తగిలిస్తే మాత్రం ఒప్పుకోను, అది 1947లో వచ్చింది.

డోన్ జంక్షన్:
ఆరో బొమ్మలో చివర ఒక తలుపు మూసి ఉంది. దాని వెనక ఏముంది?

గుత్తికోట:
వంటగది. లోపల ఏమీ చేయలేదు. అది కూడా కడితే ఫ్రేములు పడిపోయి ఆట నత్తనడక నడుస్తుంది, ఆడేవారు అటు వెళ్లరు కూడా.

డోన్ జంక్షన్:
కుర్చీకి 4 వేల పాలిగాన్లు, వంటగదికి సున్నా. మా తాత అలాంటి వంటగదిలోనే పని చేశారు. వేసవిలో పొయ్యి వేడి, పైన రేకు వేడి, బండి కుదుపుకు గిన్నె జారకుండా పొయ్యి చుట్టూ కడ్డీ ఉండేదని చెప్పేవారు. మోచేతి మీద కాలిన మచ్చ చివరిదాకా ఉంది.

నందలూరు షెడ్డు:
వంటగది తరువాత చూద్దాం. ముందు వెస్టిబ్యూల్ తేలాలి. ఎవరి మాటా వినకుండా మోడళ్లు చేసేవారిని నేను ఎరుగుదును. నేను చేసిన నందలూరు ఇంజిన్ల షెడ్డు మోడల్‌ను ఒకాయన నా పేరు తీసేసి పంచుకున్నాడు. నీళ్ల టవరు తప్పు వైపు తిప్పాడు కూడా. దొంగిలించినందుకు కాదు, ఆ టవరు తిప్పినందుకు నాకు నిద్ర పట్టలేదు.

గుత్తికోట:
అయ్యా, ఆ టవరు తిప్పింది నేను కాదు. ఇక్కడ ఒక్క చక్రం చేయని వారు కూడా నాకు పాఠాలు చెబుతున్నారు. ఉద్యోగం చేసుకుని, రాత్రి పదకొండు తరువాత కూర్చుని చేస్తున్నాను. నాకు ఆ బండి అందం కావాలి. తెల్లని గుడ్డ, ఇత్తడి దీపం, కిటికీలో కదిలే ఎర్రమల కొండలు. చెమటా పొగా చూడాలనుకునేవారు వేరే బండి చేసుకోండి.

డోన్ జంక్షన్:
ఇప్పుడు అసలు మాట వచ్చింది. మీ అందం ఎవరిది? ఆ కుర్చీలో మా తాత ఒక్కసారి కూడా కూర్చోలేదు. మీరు మెచ్చే దక్కన్ క్వీన్‌లో మూడో తరగతి వచ్చిందే 1955లో. అంతకు పాతికేళ్ల ముందు నుంచి ఆ కుర్చీలు ఎవరి కోసం వేశారో మీరే ఆలోచించండి. మద్రాసు వైపు స్టేషన్ల భోజనశాలల్లో బ్రాహ్మణులకు వేరు, ఇతరులకు వేరు అన్న ఏర్పాటు 1941 దాకా సాగింది. మన వారు సద్దిమూట విప్పుకుని కిటికీ పక్కన తిన్నారు. మీ 32 కుర్చీలూ ఖాళీ. వడ్డించే మనిషి కూడా లేడు. మనుషులను తీసేస్తే పాతకాలం అందంగానే ఉంటుంది.

గుత్తికోట:
మనిషిని కదిలించడం నాకు రాదు. అది నా చేతకానితనం, కుట్ర కాదు. మా నాన్న కూడా రిజర్వేషన్ లేని పెట్టెలోనే తిరిగారు. చూడలేనిది చూడాలనిపించి చేస్తున్నాను, అంతే.

నందలూరు షెడ్డు:
డోన్ గారూ, ఆ తలుపు వద్దని నేను మొదటి నుంచీ చెబుతున్నది మీకు పనికొచ్చే మాటే. అది ఉంటే ఎవరైనా నడిచి వెళ్లి కూర్చునేవారన్న భ్రమ కలుగుతుంది.

డోన్ జంక్షన్:
అయితే తలుపు విషయంలో మీతో ఉన్నాను. వంటగది విషయంలో మీరు నాతో లేరు.

గుత్తికోట:
సరే. వంటగది కడతాను, కుర్చీల పాలిగాన్లు సగానికి తగ్గిస్తాను. పొయ్యి కిటికీ వైపు ఉండేదా, నడవా వైపు ఉండేదా? కడ్డీ ఎంత ఎత్తున ఉండేది? మీ ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే రాయండి. వెస్టిబ్యూల్ మాత్రం తీయను.

నందలూరు షెడ్డు:
తీయకపోతే అది ఆ బండి కాదు.

డోన్ జంక్షన్:
ఆదోనిలో మా మేనత్త ఉన్నారు, ఆదివారం అడుగుతాను. వంటగది తలుపు తెరిచి ఉంచండి, అది కూడా మూసేయకండి.

కడప ప్యాసింజర్:
ఇంజిన్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.