పొట్టి శ్రీరాములు పాఠం: ‘చనిపోతేనే వింటారు’ అనుకుంటున్న పిల్లలకు ఎలా చెప్పాలి?

నేను తొమ్మిదో తరగతికి సోషల్ చెప్తాను. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు గారు చేసిన నిరాహార దీక్ష గురించి చెప్పిన ప్రతిసారీ క్లాసులో ఒకటే మాట వస్తోంది: ‘‘ప్రాణం పోతేనే ప్రభుత్వం వింటుంది కదా సార్.’’

తేదీలు చూస్తే అలాగే అనిపిస్తుంది. 1952 అక్టోబర్ 19న మద్రాసులో దీక్ష మొదలైంది, డిసెంబర్ 15న ఆయన కన్నుమూశారు, 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు.

1913 బాపట్ల ఆంధ్ర మహాసభ నుంచి నడిచిన ఉద్యమం మొత్తం టైమ్‌లైన్‌గా గీయించాను. పిల్లల కళ్లు మాత్రం చివరి నాలుగు రోజుల మీదే ఆగిపోతున్నాయి. 1951లో ఇదే కోరికతో స్వామి సీతారాం చేసిన దీక్ష గురించి చెప్తే ఇంకా తేడా కొట్టింది. ఆయన వినోబా భావే మాట మీద విరమించారు, రాష్ట్రం రాలేదు, కాబట్టి మధ్యలో ఆపితే ఫలితం ఉండదన్నారు పిల్లలు! ఆత్మహత్య పరిష్కారం కాదని నేరుగా చెప్తే తలలు ఊపుతారు, అంతే.

ఆయన త్యాగాన్ని తక్కువ చేయడం నాకు ఇష్టం లేదు. కానీ పద్నాలుగేళ్ల వయసులో ఈ ఆలోచన మనసులో నాటుకుంటే ఏమవుతుందోనని నిజంగా టెన్షన్‌గా ఉంది.

ఇలాంటి పాఠం చెప్పిన టీచర్లు, కౌన్సెలర్లు ఎవరైనా ఉంటే చెప్పండి: 45 నిమిషాల పీరియడ్‌లో, ఆ త్యాగం మీద గౌరవం తగ్గకుండానే పిల్లల ఆలోచన మార్చిన చర్చ లేదా యాక్టివిటీ ఏది?