డిపార్ట్‌మెంట్ టెలిస్కోప్ అద్దం మీద మచ్చలున్నాయి, గ్లాస్ క్లీనర్‌తో తుడవొచ్చా?

ధర్మాబాద్ అమ్మాయి:

అందరికీ నమస్తే. నాందేడ్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి ఏడాది చదువుతున్నాను. ఇంట్లో తెలుగు, బడి అంతా మరాఠీ, కాబట్టి రాతలో తప్పులుంటే నవ్వకండి.

మా ఆప్టిక్స్ ల్యాబ్‌లో స్పెక్ట్రోమీటర్ల బీరువా వెనక ఒక పొడుగాటి చెక్కపెట్టె ఉంది. రెండు నెలలుగా దాని మీదే మా టిఫిన్ డబ్బాలు పెట్టుకుంటున్నాం. పోయిన వారం సార్ మూత తీయిస్తే లోపల 8 అంగుళాల న్యూటోనియన్ (లెన్స్ బదులు అద్దంతో వెలుగు పట్టే) టెలిస్కోప్! గొట్టంలో బల్లి గుడ్ల పెంకులు, సాలెగూళ్లు. ఎప్పుడు కొన్నారో స్టాక్ రిజిస్టర్‌లో ఉంది. చివరిసారి ఎప్పుడు వాడారో ఎవరికీ గుర్తు లేదు.

పక్క జిల్లా హింగోలిలో, ఔంఢా నాగనాథ్ దగ్గర లైగో, అంటే అంతరిక్షం నుంచి వచ్చే గురుత్వ తరంగాలను పట్టే అబ్జర్వేటరీ, కడుతున్నారు కదా. 2023లో కేంద్రం 2,600 కోట్లు మంజూరు చేసినప్పటి నుంచి మా బాపు "అక్కడ నీకు నౌకరీ దొరుకుతదా" అని అడుగుతూనే ఉన్నాడు. మా సార్ బాధ వేరే. ఆకాశం ఒక్కసారి కూడా సరిగ్గా చూడని పిల్లలకు లైగో పేరు చెప్తే ఏం ఎక్కుతుంది అని, కార్తీక పున్నమి రాత్రి చుట్టుపక్కల బడుల పిల్లల్ని పిలుద్దామన్నారు. అద్దం తుడిచే పని నాకు పడింది. పెట్టె తెరవగానే గట్టిగా అరిచింది నేనే కాబట్టి.

అద్దం నిండా దుమ్ము. మధ్యలో నీటి చుక్కలు ఎండిన మరకలు. ఒక అంచున బూజులాంటి తెల్లటి మచ్చ. గ్లాస్ క్లీనర్, మెత్తటి బనియన్ గుడ్డ తెచ్చి పెట్టుకున్నాను. సోమవారం ల్యాబ్ తాళం నా చేతికిస్తారు. తుడిచేయొచ్చా?

నిజామాబాద్ తమ్ముడు:

అక్కా ఆగు! ఆ బనియన్ గుడ్డ ముందు కింద పెట్టు. కిన్వట్ పెద్దాయన వచ్చి చెప్పేదాకా అద్దం ముట్టుకోకు.

పాత ల్యాబ్ అటెండర్, కిన్వట్:

వచ్చాను బిడ్డా. ఈ తప్పు నేను చేసి ఉన్నాను కాబట్టి చెప్తున్నా. 1997లో హేల్-బాప్ తోకచుక్క కనిపించిన రోజులవి. మా కాలేజీ టెలిస్కోప్ అద్దాన్ని ఉతికిన ధోతీ ముక్కతో గుండ్రంగా, శ్రద్ధగా, అరగంట రుద్దాను. మెరిసిపోయింది. రాత్రి చంద్రుడి మీద పెడితే చుట్టూ పొగ కమ్మినట్టు వెలుగు. పగలు చూస్తే అద్దం నిండా వెంట్రుకవాసి గీతలు. తోకచుక్క ఉత్త కళ్లకే కనిపించింది కాబట్టి నన్నెవరూ ఏమీ అనలేదు.

ఇంట్లో అద్దానికి పూత వెనక ఉంటుంది, ముందు గాజు కాపాడుతుంది. టెలిస్కోప్ అద్దానికి పూత ముందు వైపే. అది అల్యూమినియం, మందం 100 నానోమీటర్ల దగ్గర, అంటే మిల్లీమీటర్‌లో పదివేలో వంతు. దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. గుడ్డతో రుద్దితే ఆ పూత మీద గరుకు కాగితం పెట్టి తోమినట్టే.

అసలు కడగాలా అన్నది ముందు చూడు. టార్చ్ ఏటవాలుగా వేస్తే కొత్త అద్దం కూడా మురికిగానే కనిపిస్తుంది. ఉత్త దుమ్మే అయితే వదిలేయమనేవాణ్ని, దానివల్ల బొమ్మ పెద్దగా పాడవదు. నువ్వు మరకలు, బూజు అన్నావు కాబట్టి కడగాలి.

గొట్టం వెనక స్క్రూలు విప్పేముందు అద్దం పట్టీ ఎటు తిరిగి ఉందో గొట్టం మీద పెన్సిల్‌తో గీత పెట్టుకో. అద్దాన్ని అంచులతోనే పట్టుకో. కెమెరావాళ్లు వాడే రబ్బరు బుడ్డితో గాలి కొట్టు. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి. తర్వాత ప్లాస్టిక్ బేసిన్‌లో తువ్వాలు పరిచి, పూత పైకి ఉండేలా అద్దం పెట్టి, గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి పావుగంట నాననివ్వు. అప్పటికీ మరక పోకపోతే దూదిని నీళ్లలోనే, దాని బరువుతోనే, మధ్య నుంచి అంచుకి లాగు. వేలితో నొక్కొద్దు. ఒక ఉండ ఒక్కసారికే, తర్వాత పారెయ్యి. దూది దగ్గర పిసినారితనం చూపించొద్దు.

చివరి కడుగుడికి బోరు నీళ్లు అసలు పనికిరావు, ఎండితే తెల్ల మచ్చలు పడతాయి. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ డబ్బా దొరుకుతుంది. చూసి తీసుకో, పక్కనే యాసిడ్ డబ్బాలు కూడా ఉంటాయి! కడిగాక అద్దాన్ని నిలబెట్టి ఆరబెట్టు. మిగిలిన చుక్కలకు టిష్యూ కాగితం మూల తాకిస్తే చాలు, అదే పీల్చుకుంటుంది.

బూజు పూతను తినేసి ఉంటే ఆ మచ్చ పోదు. దాని జోలికి పోకు. అంత చిన్న మచ్చ వల్ల పిల్లలకు ఏ తేడా తెలియదు.

దెగ్లూర్ సైన్స్ టీచర్:

కడగడం గురించి అన్నగారు చెప్పాక నేను చెప్పేదేమీ లేదు. నా గొడవ తారీఖుతో. కార్తీక పున్నమి రాత్రి ఏ పిల్లలొస్తారమ్మా? అందరూ గోదావరి ఒడ్డున దీపాలు వదులుతూ ఉంటారు. పైగా పున్నమి చంద్రుడి మీద ఎండ నిటారుగా పడుతుంది, నీడలుండవు. గుంతలన్నీ సున్నం కొట్టిన గోడలా కనిపిస్తాయి. నవంబర్ 28 అష్టమి. సగం చంద్రుడు ఉంటే వెలుగు, చీకటి కలిసే గీత దగ్గర గుంతల అంచులు లేచి నిలబడినట్టుంటాయి. ఆ రాత్రి చంద్రుడికి కొంచెం తూర్పున శని కూడా ఉంటుంది. ఈ 2025 మార్చి 23న శని వలయాలు మనకు సరిగ్గా అంచువైపు తిరిగాయి, నవంబర్ చివర్లో మళ్లీ దాదాపు అంతే సన్నగా ఉంటాయి. పుస్తకంలో బొమ్మలా లేదేంటని పిల్లలు అడుగుతారు, జవాబు తయారు పెట్టుకో. ఇది సుమారు పదిహేనేళ్లకోసారి జరిగేది.

లైగో మాట వచ్చింది కాబట్టి ఒకటి. దాని అద్దాలు ఒక్కొక్కటి 40 కిలోలు, 34 సెంటీమీటర్ల అడ్డుకొలత. లేజర్ వెలుగు పోయే గొట్టాలు రెండు, వాటిని చేతులంటారు, ఒక్కో చేయి 4 కిలోమీటర్లు. ఆ పొడవులో ప్రోటాన్ అడ్డుకొలతలో వెయ్యో వంతుకన్నా తక్కువ తేడాను పట్టుకోవాలి. 2015 సెప్టెంబర్ 14న అమెరికా లైగో మొదటిసారి గురుత్వ తరంగాన్ని పట్టుకున్నది అలాంటి కదలికతోనే. అక్కడ అద్దం మీద దుమ్ము పడితే లేజర్ వెలుగుకు వేడెక్కుతుంది. అద్దం శుభ్రంగా ఉంచడమే ఒక ఉద్యోగం, ఈ మాట మీ బాపుకు చెప్పు.

ధర్మాబాద్ అమ్మాయి:

అందరికీ థ్యాంక్స్. కడిగేశాను! మూడు గంటలు పట్టింది, దూది ఉండలు నలభై పైనే అయ్యాయి. మరకలు పోయాయి. అంచున మచ్చ మాత్రం రూపాయి బిళ్లంత అలాగే ఉంది, ముట్టుకోలేదు. అద్దాలు సరిచూసుకోవడానికి ధ్రువ నక్షత్రం మీద పెట్టమని సార్ అన్నారు, అదైతే కదలదు కదా అని. కానీ మన దగ్గర అది 19 డిగ్రీల ఎత్తే, లేడీస్ హాస్టల్ నీళ్ల ట్యాంక్ వెనక దాక్కుంది. టెలిస్కోప్‌ను నలుగురం మోసుకుని క్రికెట్ గ్రౌండ్‌కు పోయాం.

తారీఖు మార్చడానికి సార్ మొదట ఒప్పుకోలేదు, బడులకు ఉత్తరాలు అప్పటికే టైప్ అయ్యాయట. సగం చంద్రుడిని ఒకసారి చూశాక ఏమీ అనకుండా ఉత్తరాలు తిరిగి అడిగారు.

శనిని మాకంటే ముందు మా వాచ్‌మన్ కాకా చూశాడు. "బంతికి సూది గుచ్చినట్టుంది" అన్నాడు మరాఠీలో. ఆయన దీన్ని దుర్బీణ్ అంటాడు, మా అవ్వ దుర్భిణి అంటుంది. మేమే టెలిస్కోప్ అంటున్నాం.

ఒక్కటే టెన్షన్. 28న మబ్బు పడితే అంతమంది పిల్లలకు ఏం చూపించాలి?

పాత ల్యాబ్ అటెండర్, కిన్వట్:

అద్దాన్నే చూపించు బిడ్డా. గొట్టంలోంచి తీసి బల్ల మీద నిలబెట్టు, ముందు తాడు కట్టు, ఎవరూ వేలు పెట్టకుండా. ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి వెలుగు ఒకచోట కలిసే దూరం) 1200 మిల్లీమీటర్లే కదా? నాలుగడుగుల లోపు నిలబడితే మొహం గుమ్మడికాయంత కనిపిస్తుంది. అక్కణ్నుంచి వెనక్కి నడవమను. ఎనిమిది అడుగులు దాటగానే ఎవరి మొహం వాళ్లకు తలకిందులైపోతుంది. మా కాలేజీలో మబ్బు పట్టిన రాత్రే ఎక్కువ నవ్వులు వినిపించేవి.