మనోవర్తి, భత్తా: ఏది హక్కు, ఏది ధర్మం?

పర్లాకిమిడి సభ్యుడు: ఒడియా వాళ్లతోపాటు ఒడిశా తెలుగువాళ్లం మనమూ పింఛనుని 'భత్తా' అంటాం. కొడుకు తల్లికి ఇచ్చేదాన్ని 'మనోవర్తి' అంటే మాత్రం కోర్టు మాటలా తోస్తుంది. అది కొడుకు ధర్మమా, తల్లి హక్కా?

బరంపురం సభ్యురాలు: ఇవ్వకపోతే ఎవరిని అడగాలి, వాళ్లు ఎన్నాళ్లలో తేల్చాలి? ఈ రెండింటికీ జవాబుంటే హక్కే. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో రెండూ ఉన్నాయి. తమ సంపాదనతోనో ఆస్తితోనో గడవని తల్లిదండ్రులు ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టొచ్చు. కొడుకే కాదు, కూతురూ, మేజరైన మనవలూ బాధ్యులే. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, మహా అయితే ఇంకో 30. మూల చట్టంలో నెలకి 10,000 రూపాయలు గరిష్ఠం. ఆర్డరు వచ్చాక డబ్బు ఆగితే, బాకీ పడిన తేదీ నుంచి 3 నెలల్లోగా మళ్లీ అర్జీ పెట్టాలి; ఆలస్యమైతే ఆ నెల బాకీకి వసూలు వారంటు రాదు. చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే. ఇక కోడలంటారా, ఊరు మొదట వేలెత్తి చూపేది ఆమెనే, చట్టంలో 'సంతానం' కింద ఆమె పేరే లేదు.

జయపురం సభ్యుడు: భత్తా కథ వేరండీ. రాజ్యాంగం 41వ అధికరణం వృద్ధాప్యంలో సాయం చెయ్యమంటుంది, అదీ 'ఆర్థిక స్తోమతకి లోబడి'. దాన్ని పట్టుకుని కోర్టుకెక్కలేమని 37వది చెబుతుంది. కేంద్ర వృద్ధాప్య పింఛను 1995లో పథకంగానే మొదలైంది. పేరెక్కినవాళ్లకి ప్రతి నెలా 7వ తేదీలోగా ఇమ్మని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది కాబట్టి ఉత్త దయ అనీ అనలేం.

రేషను అలా కాదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ప్రాధాన్య కుటుంబంలో తలకి 5 కిలోలు, నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డుకి 35 కిలోలు. గింజలు ఇవ్వకపోతే 8వ సెక్షన్ కింద భత్యం ఇవ్వాలి. అందుకే ఫిర్యాదులో 'దయతో ఇప్పించగలరు' అని రాయకండి, కొత్త వినతి అనుకుని పక్కన పెట్టే వీలుంది. కార్డు నంబరు, నెల, డీలరు, ఎన్ని కిలోలు తగ్గాయో రాసి 'రావాల్సినది' అనండి. ఒడియాలో 'ప్రాప్య'. తేదీ వేసిన రసీదు తీసుకోకుండా కదలొద్దు.

గుణుపురం సభ్యురాలు: దానపత్రాల్లోనూ ఇదే చిక్కు. లేఖరి 'ప్రేమాభిమానములతో' అని రాసి ఊరుకుంటాడు. అది ధర్మం భాష. పిల్లలు చూడకపోతే ఆ దానాన్ని 2007 పోషణ చట్టం 23వ సెక్షన్ కింద రద్దు చేయించాలంటే పోషణ షరతు ఉండాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం ఒడియాలో ఉంటుంది, మన పెద్దలు చాలామందికి చదవరాదు. 'జీవితాంతం తిండి, బట్ట, వైద్యం చూసుకోవాలనే షరతుపై' అన్న ముక్క పడిందో లేదో సంతకానికి ముందే చదివించుకోండి.