మింగుడు పడటం లేదని వచ్చేవాళ్లలో ఎండోస్కోపీకి ఎవరిని ముందుగా పంపాలి?

ప్రశ్న: ఏరియా ఆసుపత్రి మెడికల్ ఆఫీసర్

మా దగ్గర ఎండోస్కోపీ వారానికి ఒక్క రోజే. పీహెచ్‌సీల నుంచి వచ్చే చీటీల్లో చాలావాటి మీద ‘మింగడం కష్టం’ అని తప్ప ఇంకేమీ ఉండదు. గ్యాస్ ట్రబుల్ వాళ్లు, గొంతులో ఉండలా ఉందనేవాళ్లు, నిజంగానే ముద్ద దిగనివాళ్లు అందరూ ఒకే వరసలో ఉంటున్నారు. క్యాన్సర్ ఉండే అవకాశమున్నవాళ్లు ఆ వరసలో వెనకబడకుండా ఓపీలోనే ఎలా విడదీయాలి? మింగుడు పడనివాళ్లలో క్యాన్సర్ ప్రమాదం ఎంతో మార్కులతో అంచనా వేసే ఎడిన్‌బరో స్కోరు మనకి పనికొస్తుందా?

జవాబు 1: గ్యాస్ట్రోఎంటరాలజిస్టు

డాక్టర్ గారూ, తింటుంటే ముద్ద అడ్డుపడుతోందన్న ప్రతి ఒక్కరికీ ఎండోస్కోపీ చేయాల్సిందే. స్కోరుతో ఎవరు ముందో తేల్చుకోవచ్చు గానీ, ఎవరికి అక్కర్లేదో తేల్చకూడదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ నైస్ 2015లో తెచ్చిన మార్గదర్శకం మింగుడు పడనివాళ్లకి ఏ వయసైనా సరే 2 వారాల్లో ఎండోస్కోపీ చేయమంది. 55 ఏళ్లు, ఆపైన ఉండాలన్న షరతు బరువు తగ్గి, దానితోపాటు పైకడుపు నొప్పో, ఛాతీమంటో, అజీర్తో ఉన్నవాళ్లకే.

‘మింగగలుగుతున్నారా’ అని అడిగితే అందరూ లేదనే అంటారు. నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం తిన్నారో అడగండి. గడ్డ పెరుగుతున్నవాళ్లు ముందు జొన్నరొట్టె, చపాతీ, మాంసం ముక్క మానేస్తారు. తర్వాత అన్నం మెత్తగా పిసుక్కుని, ప్రతి ముద్దకీ నీళ్లు తాగుతూ తింటారు. ఆపైన జావ, చివరికి నీళ్లు కూడా దిగవు. అన్నవాహిక లోపలి దారి సుమారు 13 మిల్లీమీటర్లకి ఇరుకైతే గానీ గట్టి పదార్థం అడ్డుపడదు. అంటే రొట్టె ఆగిందని చెప్పేసరికే గడ్డ బాగా పెరిగి ఉంటుంది. రొట్టె నుంచి జావకి కొద్ది వారాల్లోనో, నెలల్లోనో దిగిపోయినవాళ్లే మీ జాబితాలో మొదట ఉండాలి.

అకలేషియాలో (అన్నవాహిక అడుగున కండరం వదులవని జబ్బు) అన్నం, నీళ్లు మొదటి నుంచీ రెండూ ఇబ్బందే, ఏళ్ల తరబడి సాగుతుంది. అయితే అరవై దాటిన మనిషికి అదే తీరు కొన్ని నెలల్లోనే మొదలై బరువు తగ్గుతుంటే, అన్నవాహిక కడుపులో కలిసేచోట గడ్డ ఉందేమో చూడకుండా అకలేషియా అనేయొద్దు. ఖాళీగా ఉన్నప్పుడు ఉండలా అనిపించి, తింటుంటే పోయేది గ్లోబస్. వాళ్లు ఆగొచ్చు. మింగబోతేనే దగ్గు, ముక్కులోంచి నీళ్లు వస్తుంటే పక్షవాతం లాంటి నరాల జబ్బు ఉందేమో చూడండి. పక్షవాతం లేకుండా నీళ్లు తాగినప్పుడల్లా దగ్గు వస్తోందంటే అన్నవాహికకీ శ్వాసనాళానికీ మధ్య రంధ్రం పడి ఉండొచ్చు. అలాంటివాళ్లకి ఎక్స్‌రే కోసం తాగించే గ్యాస్ట్రోగ్రాఫిన్ మందు ఇవ్వొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే నీరు చేరుతుంది.

బరువు ఎంత తగ్గారో చాలామందికి తెలియదు. పాత ఓపీ చీటీల మీద రాసిన బరువు చూడండి. బెల్టు ఎన్ని రంధ్రాలు లోపలికి వచ్చింది, గాజులు మోచేతి దాకా జారుతున్నాయా అని అడిగితే ఇంటివాళ్లే చెబుతారు.

జవాబు 2: ఈఎన్‌టీ సర్జన్

స్కోరు గురించి నేను చెబుతాను. ఎడిన్‌బరో స్కోరు వయసు, మగవాళ్లా కాదా, 3 కిలోలకి మించి బరువు తగ్గడం, 6 నెలల్లోపు మొదలవడం, అడ్డు మెడ దగ్గరా కాదా, ఛాతీమంట ఉందా లేదా అన్న ఆరు విషయాలు చూస్తుంది. 3.5, ఆపైన వస్తే ఎక్కువ ప్రమాదం. ఆ స్కోరు తయారైన బ్రిటన్‌లో అన్నవాహిక అడుగు భాగంలో వచ్చే అడినోకార్సినోమా రకం క్యాన్సర్ ఎక్కువ. మన దగ్గర చుట్ట, బీడీ, ఖైనీ, సారా వల్ల వచ్చే స్క్వేమస్ రకం (లోపలి పొర కణాల) క్యాన్సరే ఎక్కువ, అది పైన, మధ్యలో కూడా వస్తుంది.

ఇక రక్తహీనత ఉన్న నలభై ఏళ్ల ఆడమనిషి ‘ఇక్కడే’ అని మెడ మీద వేలు పెట్టిందనుకోండి. వయసు తక్కువ, ఆడమనిషి, అడ్డు మెడ దగ్గర కాబట్టి ఆ స్కోరులో ఆమెకి అన్ని వైపులా మార్కులు తగ్గుతాయి. కానీ ప్లమర్-విన్సన్ (ఇనుము లోపపు రక్తహీనతతో మింగడం కష్టమయ్యే జబ్బు) ఉన్నవాళ్లలో పోస్ట్‌క్రికాయిడ్ (స్వరపేటిక వెనక భాగపు) క్యాన్సర్ వచ్చేది సరిగ్గా అక్కడే. గోళ్లు చెంచాలా గుంటపడ్డాయా, నోటి మూలలు పగిలాయా, హిమోగ్లోబిన్ ఎంత, చూడండి. స్వరపేటికని వేళ్లతో పట్టుకుని పక్కలకి కదిపితే మామూలుగా వెనక ఎముక మీద కరకరలాడుతుంది. అది లేకపోతే ఆ రోజే ఈఎన్‌టీకి పంపండి. మెడకి పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో వెన్నుపూసల ముందు మెత్తని భాగం మందంగా కనబడినా అంతే. ఎండోస్కోపీ గొట్టం ఆ చోటుని చూడకుండానే దాటిపోతుంది కాబట్టి ‘ఎండోస్కోపీ నార్మల్’ అన్న రిపోర్టు ఈ విషయంలో సరిపోదు.

మెడ దగ్గర అడ్డు అన్నంత మాత్రాన జబ్బు అక్కడే ఉందనుకోవద్దు. కింద, పళ్ల నుంచి 38 సెంటీమీటర్ల దగ్గర గడ్డ ఉన్నవాళ్లు కూడా మెడే చూపిస్తారు. ఛాతీలో చూపించినవాళ్లకి మాత్రం గడ్డ దానికి పైన ఉండటం అరుదు. గొంతు కొత్తగా బొంగురుపోయినా, ఎడమ కాలర్ ఎముక పైన గడ్డ తగిలినా వరసలో ముందుకి జరపండి.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు సార్. చాలామంది అప్పటికే పాంటాప్ (కడుపులో ఆమ్లం తగ్గించే మాత్ర) వాడుతూ వస్తున్నారు. కాస్త తగ్గిందంటే ఆగొచ్చా? బాగా నీరసపడ్డవాళ్లని ఆ వారం ఎలా నిలబెట్టాలి?

జవాబు 1 రాసినవారు

ఆగొద్దు. ఆ మాత్రతో క్యాన్సర్ పుండు కూడా పైపైన మానినట్టు కనబడుతుంది. ఇరుకు తగ్గదు, తేదీ మాత్రం జరిగిపోతుంది. రెండు వారాలు వాడి చూద్దాం అన్న మాట ముద్ద అడ్డుపడే మనిషికి అసలు చెప్పకూడదు.

గడ్డ కనబడితే బయాప్సీకి కనీసం 6 ముక్కలు, మధ్యలో కుళ్లిన చోట కాకుండా అంచుల నుంచి తీయించండి. పళ్ల నుంచి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో మొదలైందో రిపోర్టులో రాయించండి, రేడియేషన్‌కైనా సర్జరీకైనా అది కావాలి. గొట్టం దాటకపోతే నెట్టొద్దు, పై అంచు నుంచే ముక్క తీయొచ్చు.

జవాబు 3: క్లినికల్ డైటీషియన్

పది రోజులకి పైగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పాలు, ప్రొటీన్ పొడి పట్టించడం ప్రమాదం. పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం హఠాత్తుగా పడిపోయి గుండె లయ తప్పుతుంది. ఆ మూడూ పరీక్షించి, రోజుకి కిలోకి 10 క్యాలరీల దగ్గర మొదలుపెట్టి నాలుగు నుంచి ఏడు రోజుల్లో పెంచండి. 40 కిలోల మనిషికి అది 400 క్యాలరీలే. నీరసంగా ఉన్నారని డెక్స్‌ట్రోస్ సెలైన్ ఎక్కించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. దానికి ముందే థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ పడాలి. ఇరుకు ఉందని తెలిశాక ముక్కు గొట్టం వార్డులో గుడ్డిగా వేయొద్దు, ఎండోస్కోపీ చేసేటప్పుడే చూస్తూ వేయించండి. ఉమ్ము కూడా మింగలేక గిన్నెలో ఉమ్ముతున్న మనిషి మాత్రం మీ వారపు జాబితాకి ఆగకూడదు. ఆ రోజే ఫోన్ చేసి, అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపండి.